కుట్టు తెగిన చోటు

పంటు ఈ ఒడ్డుకి చేరేలోపు
రోజూ సాయంత్రం ఒక తగువు తేలాలి వాళ్ళకి:
కొల్లాటి ధర్మోజి గొప్పా, నేలపూడి ఏసుపాదం గొప్పా?
నర్సాపురం రేవులో టీలు చల్లారిపోతాయి,
పంటు వస్తుంది, ఎక్కుతారు,
సఖినేటిపల్లి గట్టు దాకా అరుపులు వినిపిస్తూనే ఉంటాయి.

నన్నెవరూ అడగరు.
టార్పాలిన్లు కుట్టుకునేవాణ్ణి, నాకేం తెలుస్తుంది.
ఆ ఇద్దరి గ్లౌజులూ పద్దెనిమిదేళ్ళు కుట్టింది నేనే,
లోపల గుర్రపు వెంట్రుక అరిగిపోతే
కొబ్బరి పీచు దట్టించింది నేనే.
పేపరువాడు ఎన్నైనా రాస్తాడు.
తోలు తను తెగిన చోటు దాచుకోలేదండి.

ధర్మోజిది ఎప్పుడూ ఒక్కచోటే తెగేది:
ఎడమచేతిది, రెండో కణుపు మీద, పావలా బిళ్ళంత.
తెడ్డేసిన చెయ్యి.
కొట్టేముందు రెండడుగులు వెనక్కి జరిగేవాడు,
పాటుకి నీరు తీసినట్టు.
ఎదుటివాడు ఇసక తేలిందనుకుని దిగేవాడు.
అప్పుడొచ్చేది పోటు.
ముప్పై ఎనిమిది పందేలు. ఓటమి అన్న గడిలో సున్నా.
అంత పెద్ద సున్నాని మోస్తూ బతకటం కూడా బరువేనని
నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏసుపాదం గ్లౌజులు అరచేతి వైపు తెగేవి.
కొట్టేవాడికి అరచెయ్యెందుకు తెగుతుందీ అని
మూడు జతల దాకా బుర్ర గోక్కున్నాను.
తణుకులో చూశాను తర్వాత:
వచ్చే గుద్దుని అరచేత్తో పట్టుకుంటున్నాడు,
చెట్టుమీంచి వాళ్ళ నాన్న జారవిడిచే బొండాన్ని
చిన్నప్పుడు కింద నిలబడి పట్టినట్టు.
పట్టి, పక్కన పెట్టి, అప్పుడు కొట్టేవాడు.
అన్నీ పట్టుకోలేడుగా.
పదకొండు ఓడాడు. గెలిచినవెన్నో అడిగితే నవ్వేవాడు,
ఓడినవి మాత్రం ఊరు, తారీఖు,
ఆ పూట తిన్న కూరతో సహా చెప్పేవాడు.

ఒక్కసారే ఎదురుపడ్డారు.
పాలకొల్లు రైసుమిల్లు కళ్ళంలో,
నేను కుట్టిన టార్పాలిన్ మీద,
ఊక వాసనలో.
మూడో రౌండులో కరెంటు పోయింది.
రెండువేల మంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు.
ఆ చీకట్లో ఒకే ఒక్క దెబ్బ వినపడింది,
తడి గోనెసంచి నేలకేసి కొట్టినట్టు.
పెట్రోమాక్స్ లైట్లొచ్చేసరికి
ఇద్దరూ నిలబడే ఉన్నారు.
రిఫరీ సమానమన్నాడు. జనం కుర్చీలు విరిచారు.
ఎవరు కొట్టారు, ఎవరికి తగిలింది,
నలభయ్యేళ్ళుగా పంటు మీద దాటుతున్న తగువదే.

మర్నాడు రెండు జతలూ నా దగ్గరికే వచ్చాయి.
పక్కపక్కన పెట్టి చూశాను.
ఒకదానికి ఎడమ, రెండో కణుపు.
ఒకదానికి కుడి అరచెయ్యి.
కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో
కొట్టాల్సినచోట కొట్టాడొకడు,
పట్టాల్సినచోట పట్టాడొకడు.
కుట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.
చెబితే పంటెక్కేవాళ్ళకి ఊసుపోయేదెలా.

ఏసుపాదం ఆరు కార్డులు రాశాడు, మళ్ళీ ఆడదామని.
ధర్మోజి జవాబివ్వలేదు.
బెల్టు అద్దాల బీరువాలో పెట్టి
రొయ్యల చెరువుల్లోకి దిగాడు.
మార్కెట్టు వెనక సందుకి ఇప్పుడాయన పేరు.
ఏసుపాదానికి పీచు మిల్లు పక్కన రేకుల షెడ్డు,
ఊక నింపిన సంచి, చేతులకి వణుకు, ఇరవైమంది పిల్లలు.
ఒక్కోనాడు కాలవ అవతలి గట్టున
ధర్మోజి మోపెడ్ ఆగుతుంది.
దిగడు. కాళ్ళు మాత్రం
ఉన్నచోటే రెండడుగులు వెనక్కి జరుగుతాయి.

నిన్న ఒక పిల్ల గ్లౌజు తెచ్చింది. లేసు అల్లేవాళ్ళ అమ్మాయి.
బొటనవేలి కుదుట్లో తెగింది.
అక్కడ వాళ్ళిద్దరికీ ఎప్పుడూ తెగలేదు.
తిప్పి తిప్పి చూశాను.
"ఎలా కొడతావే అమ్మా నువ్వు?" అన్నాను.
"కుట్టండి తాతా, పంటెళ్ళిపోద్ది" అంది.